గులాబీ గుర్తున్న మూడో నంబరు పెట్టె: శిబిరాల్లో అత్యాచార బాధితుల చికిత్స కిట్‌పై ఒక డాక్టర్ సమీక్ష

శరణార్థి శిబిరాల్లో, యుద్ధం నడుస్తున్న ఊళ్ళలో, భూకంపం తర్వాత వేసిన గుడారాల్లో వైద్యం చేసేవాళ్ళు తెప్పించుకునే పెట్టెల్లో మూడో నంబరు పెట్టె ఒకటుంది. దాని గుర్తు గులాబీ రంగు. అత్యాచారానికి గురైన మనిషికి మొదటి రోజుల్లో ఇవ్వాల్సిన మందులు అందులో ఉంటాయి. బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ జిల్లా ఉఖియాలో, మియన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యాల శిబిరాల మధ్య ఉన్న ఒక ఆరోగ్య కేంద్రంలో నేను వైద్యాధికారిగా పనిచేసినన్నాళ్ళూ ఈ పెట్టె నా గదిలోని అలమారాలో ఉండేది. సహాయ సంస్థల్లో చేరబోయే తెలుగు నర్సులు, డాక్టర్లు ఫోను చేసి దీని గురించే ఎక్కువగా అడుగుతుంటారు. వాళ్ళందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మందుల వరకు ఇది మంచి పెట్టె, తప్పకుండా తెప్పించుకోండి. కానీ ఈ పెట్టె సర్దినవాళ్ళ మనసులో ఉన్న రోగి వేరు, మీ తలుపు తట్టే రోగి వేరు. మూడు రోజుల లోపు వచ్చే మనిషి కోసం, ఒక్కసారి జరిగిన దాడి కోసం దీన్ని సర్దారు. నేను చూసిన ఆడవాళ్ళలో చాలామంది వారాల తర్వాత వచ్చారు. ఇంకా ఎక్కువ మంది ఇంట్లో భర్త చేతిలో పదేపదే దెబ్బలు తిని వచ్చారు.

కొంచెం నేపథ్యం. 1994లో కైరోలో జరిగిన జనాభా సదస్సు తర్వాత, 1995లో ఐక్యరాజ్య సమితి సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి సంక్షోభ సమయాల్లో పునరుత్పత్తి ఆరోగ్యం కోసం ఒక ఉమ్మడి బృందంగా ఏర్పడ్డాయి. విపత్తు వచ్చినప్పుడు వీలైతే 48 గంటల్లోనే మొదలుపెట్టాల్సిన కనీస సేవల జాబితా ఒకటి తయారైంది. ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ దాన్ని మిస్ప్ అంటారు. లైంగిక హింసను అరికట్టడం, బాధితులకు చికిత్స అందించడం ఆ జాబితాలో ఒక భాగం. ఆ సేవలకు కావాల్సిన సరుకును సున్నా నుంచి పన్నెండు దాకా నంబర్లు వేసి పెట్టెల్లో సర్దారు. వాటి బాధ్యత ఐక్యరాజ్య సమితి జనాభా నిధిది. మూడో నంబరు పెట్టెను 10,000 జనాభాకు మూడు నెలలు సరిపోయేలా లెక్కగట్టారు. 2019లో ఈ పెట్టెలన్నిటినీ సవరించారు, కాబట్టి పాత జాబితాలు చూసి ఆర్డరు రాయకండి.

ఇక మందుల సంగతి. అత్యవసర గర్భనిరోధక మాత్ర, లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు, ఒకే మోతాదు. ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది, అయిదు రోజుల దాకా ఇవ్వవచ్చు. సుఖవ్యాధులు రాకుండా యాంటీబయోటిక్‌లు. హెచ్‌ఐవీ సోకకుండా పెప్ మందు, 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. గర్భ నిర్ధారణ పరీక్షలు. పిల్లలకు సరిపోయే మందులు వేరే. రాత్రి రెండు గంటలకు, జనరేటరు వెలుగులో, వేరే అరలేవీ వెతక్కుండా ఒక్క పెట్టెలోంచి ఇవన్నీ తీసి ఇవ్వగలగడం ఎంత పెద్ద సౌకర్యమో, అలా వెతికి ఇబ్బంది పడినవాళ్ళకే తెలుస్తుంది. ఈ మందులు ఇవ్వడానికి పోలీసు కాగితం అక్కర్లేదు. పెప్ మొదలుపెట్టడానికి హెచ్‌ఐవీ పరీక్ష ఫలితం కోసం ఆగనక్కర్లేదు. కడుపుతో ఉందా లేదా అన్నది తేలలేదని గర్భనిరోధక మాత్రను ఆపాల్సిన పని కూడా లేదు. కొత్తగా చేరిన సిబ్బందికి ఈ మూడు విషయాలూ గోడ మీద రాసిపెట్టి మరీ చెప్పేదాన్ని.

మాత్రలు ఇచ్చే పద్ధతి గురించి ఏ శిక్షణలోనూ తగినంతగా చెప్పరు. లోపలికి వచ్చిన మనిషి చాలాసార్లు ముందురోజు నుంచి ఏమీ తిని ఉండదు. ఖాళీ కడుపులో ఇన్ని మాత్రలు పడితే వాంతి అవుతుంది. గర్భనిరోధక మాత్ర వేసుకున్న రెండు గంటల లోపు వాంతి అయితే మళ్ళీ వేయాలి. అందుకే మా మిడ్‌వైఫ్ ముందు గ్లూకోజ్ బిస్కెట్ల ప్యాకెట్ విప్పి ఆమె చేతిలో పెట్టేది. తను కూడా ఒకటి తీసుకుని నమిలేది. ఆ తర్వాతే నీళ్ళ గ్లాసు, ఆ తర్వాత మొదటి మాత్ర. ఒక్కో మాత్ర ఎందుకో చెప్పేది, కావాలో వద్దో అడిగేది. వద్దంటే పక్కన పెట్టేది, బలవంతం లేదు. వెళ్ళకుండా కాసేపు అక్కడే కూర్చోబెట్టేది. బంగ్లాదేశ్‌లో మూడేళ్ళ మిడ్‌వైఫరీ డిప్లొమా చేసిన ఈ అమ్మాయిల్లో చాలామందికి పాతికేళ్ళు కూడా ఉండవు. నాకు ఈ పని నేర్పింది వాళ్ళే అని గౌరవంతో చెబుతున్నాను. నేను ఎంబీబీఎస్ చదివేటప్పుడు అత్యాచార బాధితురాలి ప్రస్తావన ఫోరెన్సిక్ పాఠంలో తప్ప మరెక్కడా రాలేదు. గాయాలు ఎలా నమోదు చేయాలి, నమూనాలు ఎలా తీయాలి అన్నంత వరకే చదువుకున్నాం. ఆమె కూడా వైద్యం కావాల్సిన మనిషేనన్న సంగతి నాకు ఉఖియాలోనే అర్థమైంది.

పెప్ విషయంలో ఒక జాగ్రత్త. 28 రోజుల మందును ఒకేసారి ఇవ్వండి. వారానికోసారి వచ్చి తీసుకెళ్ళమంటే సగంలో ఆగిపోతారు. కొండ దిగి, ఇటుకల దారిలో నడిచి, అడిగినవాళ్ళకల్లా ఎక్కడికి వెళుతున్నానో చెప్పి మళ్ళీ రావాలంటే ఎవరికి సాధ్యం? అలాగని మాత్రల డబ్బాను గుడిసెలో ఎక్కడ దాస్తుందో అడగకుండా పంపడం కూడా తప్పే. ఒకే గదిలో అత్తమామలు, పిల్లలు, తలదాచుకున్న బంధువులు ఉంటారు. కొందరికి మేము పేరు లేని చిన్న కవర్లలో మందు కట్టి ఇచ్చేవాళ్ళం. తల్లుల ఐరన్ మాత్రల పక్కన అవి కలిసిపోయేవి.

పెట్టెలో లేనివి కూడా తెలుసుకోవాలి. హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు ఇందులో రావు. వాటికి చల్లదనం కావాలి, పెట్టె మామూలు సరుకులా ప్రయాణిస్తుంది. హెపటైటిస్-బి టీకా రెండు వారాల లోపు మొదలుపెట్టాలి కాబట్టి పిల్లల టీకాల ఫ్రిజ్ నడిపేవాళ్ళతో ముందే మాట్లాడుకోండి. బాధితురాలు వచ్చాక మాట్లాడదామంటే ఆ రోజు ఫ్రిజ్ తాళం ఎవరి దగ్గరో ఉంటుంది. కుట్లు వేసే సామాను తొమ్మిదో పెట్టెలో ఉంటుంది. గర్భస్రావం వల్ల వచ్చే చిక్కులకు ఎనిమిదోది. మూడు మాత్రమే తెప్పించి మిగతావి మర్చిపోతే సగం చికిత్స దగ్గరే ఆగిపోతారు.

2017 ఆగస్టు 25 తర్వాత మియన్మార్ సైన్యం దాడుల నుంచి పారిపోయి, కొన్ని నెలల్లోనే 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు సరిహద్దు దాటి వచ్చారు. ఆ గుంపుల్లో సామూహిక అత్యాచారాలకు గురైనవాళ్ళు ఎందరో ఉన్నారు. సాయుధ సంఘర్షణల్లో లైంగిక హింసపై ఐక్యరాజ్య సమితి ప్రత్యేక ప్రతినిధి ప్రమీలా పాటెన్ అదే ఏడాది నవంబరులో కాక్స్ బజార్ వచ్చి వాళ్ళతో మాట్లాడారు. నేను వెళ్ళింది ఆ తర్వాతి కాలంలో. కానీ ఆ మొదటి నెలల్లో పనిచేసిన సహోద్యోగులు చెప్పిన మాట ఒకటే: గ్రామం తగలబడిన రాత్రి నుంచి నాఫ్ నది దాటేదాకా అడవుల్లో రోజుల తరబడి నడిచిన మనిషికి 72 గంటల గడువు దారిలోనే అయిపోయింది. గర్భనిరోధక మాత్రకు కూడా వేళ మించిపోయింది. పెట్టె తెరిస్తే ఆమెకు పనికొచ్చేవి యాంటీబయోటిక్‌లు, గర్భ నిర్ధారణ పరీక్ష. ఆ పరీక్షలో రెండో గీత కనబడితే ఏమి చేయాలన్నదానికి పెట్టెలో జవాబు లేదు.

జవాబు బంగ్లాదేశ్ దగ్గర ఉంది. ఈ విషయం మనవాళ్ళకు అంతగా తెలియదు కాబట్టి కొంచెం ఆగి చెబుతాను. ఆ దేశపు చట్టం తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప గర్భస్రావాన్ని అనుమతించదు. అయినా 1971 యుద్ధంలో అత్యాచారాలకు గురైన స్త్రీల కోసం 1972లో ఆ నిబంధనను సడలించారు. 1979 నుంచి ఎం.ఆర్. అనే పద్ధతి, అంటే ఆగిన నెలసరిని మళ్ళీ వచ్చేలా చేసే చికిత్స, ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో భాగమైంది. శిక్షణ పొందిన పారామెడికల్ సిబ్బంది 10 వారాల దాకా, డాక్టర్లు 12 వారాల దాకా చేయవచ్చు. ఒక దేశం తన ఆడవాళ్ళ మీద జరిగిన యుద్ధ నేరం తర్వాత తెరిచిన తలుపు, నలభై అయిదేళ్ళ తర్వాత ఇంకో జాతి ఆడవాళ్ళకు ఉపయోగపడింది. మీరు వెళ్ళబోయే దేశంలో అలాంటి దారి ఉందో లేదో విమానం ఎక్కకముందే తెలుసుకోండి. ఎన్ని వారాల దాకా, ఎవరు చేయవచ్చు, ఎవరి సంతకం కావాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబులు రాసుకుని జేబులో పెట్టుకోండి. వారాలు దాటిపోయాక వచ్చినవాళ్ళకు గర్భిణీ పరీక్షలు, కాన్పు, పుట్టిన బిడ్డ గురించి నిర్ణయం, ఇవన్నీ ఉంటాయి. ఆ నెలలన్నిటా ఆమెతో మాట్లాడే మనిషి ఒకరే ఉండటం ఏ మందు కన్నా ముఖ్యం.

నేను అక్కడ ఉన్న కాలానికి పరిస్థితి ఇంకో రూపం తీసుకుంది. శిబిరాల్లో నమోదయ్యే హింసలో అత్యధికం భర్తలు చేసేదే. పని చేసుకునే హక్కు లేదు, ముళ్ళకంచె దాటి వెళ్ళే వీలు లేదు, వెదురు గుడిసెలో రోజంతా ఊరికే కూర్చున్న మగవాడి కోపం ఆమె ఒంటి మీద దిగుతుంది. ఇది కారణమే గానీ సమర్థన కాదు. ఆమె తలనొప్పి అంటూ వస్తుంది, నడుం నొప్పి అంటూ వస్తుంది, బిడ్డకు జ్వరమంటూ వస్తుంది. ఆమె కోసం మూడో పెట్టెలో ఏముంది? గర్భనిరోధక మాత్ర ఉపయోగపడొచ్చు, భర్త బలవంతమూ బలవంతమే కదా. మిగతాదంతా మనుషులతో జరగాల్సిన పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ, జనాభా నిధి, శరణార్థుల హైకమిషనర్ కార్యాలయం కలిసి ప్రచురించిన చికిత్సా మార్గదర్శకాల తాజా కూర్పులో అత్యాచారంతో పాటు భర్తల హింసను కూడా చేర్చడం నాకు ఎంతో ఊరటనిచ్చింది. వినడం, ఆమె అవసరం ఏమిటో అడగడం, నమ్ముతున్నామని చెప్పడం, ఈ రాత్రి ఇంటికి వెళితే ఏమవుతుందో ఆమెతో కలిసి ఆలోచించడం, సహాయం దొరికే చోటుకు చేర్చడం. మొదటి ఆసరాకు ఈ అయిదూ మెట్లు. భర్త పక్కనుండగా ఒక్క ప్రశ్న కూడా అడగకూడదు. బరువు చూడాలి, మూత్ర పరీక్ష చేయాలి అంటూ ఆమెను విడిగా లోపలికి తీసుకెళ్ళడం మా మిడ్‌వైఫ్‌లకు అలవాటైన విద్య.

గొంతు నులిమిన కేసులను తేలిగ్గా తీసుకోకండి. మెడ మీద గుర్తులేవీ లేకపోవచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగలేకపోవడం, కంటి తెల్లగుడ్డులో ఎర్ర చుక్కలు, కాసేపు స్పృహ తప్పిందని చెప్పడం, వీటిలో ఏది ఉన్నా పెద్దాసుపత్రికి పంపండి. వాపు గంటల తర్వాత కూడా పెరిగి ఊపిరి ఆడకుండా చేయగలదు. ఒకసారి గొంతు నులిమినవాడు తర్వాత చంపే ప్రమాదం చాలా ఎక్కువ. ఆమె భద్రత గురించి అడిగే ప్రశ్నల్లో దీన్ని మొదట అడగండి.

గది విషయం. వెదురు తడికె, మీద టార్పాలిన్. పక్క గదిలో దగ్గితే ఇక్కడ వినిపిస్తుంది. అలాంటి చోట ఈ చికిత్సకని ప్రత్యేకంగా ఒక గది పెట్టి తలుపు మీద పేరు రాస్తే ఆ గడప ఎవరూ తొక్కరు. గర్భిణీల పరీక్ష, కుటుంబ నియంత్రణ, ఈ చికిత్స అన్నీ ఒకే గదిలో జరిగేలా చూడండి. వరుసలో కూర్చున్నవాళ్ళకు ఎవరు ఎందుకొచ్చారో తెలియకూడదు. మా సరుకు పట్టికలో కూడా ఈ పెట్టెను "3" అని మాత్రమే రాసేవాళ్ళం. రిజిస్టరులో పేరు లేదు, సంకేత సంఖ్య ఉండేది. పేరు, సంఖ్య కలిపి ఉన్న కాగితం వేరే అలమారాలో తాళం కింద ఉండేది. దుబాసీగా బంధువును కూర్చోబెట్టకూడదు. నాకు వచ్చిన హైదరాబాదీ ఉర్దూతో జ్వరం, విరేచనాల దాకా నడిచేది. ఈ సంగతులకు రోహింగ్యాల మాటకు దగ్గరగా ఉండే చట్టోగ్రామ్ యాస తెలిసిన స్త్రీ కావాలి, ఆమెకు నోరు కట్టేసుకోవడం కూడా తెలియాలి. ఇక్కడి నుంచి ఆమెను చేర్చాల్సిన చోటు శాంతిఖానా. శిబిరాల్లో స్త్రీల కేంద్రాలను అలా పిలుస్తారు. కుట్టుపని, మెహందీ, కబుర్ల మధ్య ఓ మూల కౌన్సెలర్ ఉంటుంది. నిజం చెప్పాలంటే మా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువ మందిని చేయి పట్టి తీసుకొచ్చింది శాంతిఖానాలోని రోహింగ్యా స్వచ్ఛంద కార్యకర్తలే.

మగపిల్లలు, మగవాళ్ళు కూడా ఈ హింసకు గురయ్యారు. గర్భానికి సంబంధించినవి తప్ప మిగతా మందులన్నీ వాళ్ళకూ అవసరమే. కానీ స్త్రీల గదికి వాళ్ళు రారు. ఒక మగ నర్సుకు శిక్షణ ఇచ్చి సాధారణ ఓపీలో కూర్చోబెట్టండి. పిల్లలకు మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి సరిగ్గా తూగే కాటా పక్కనే ఉండాలి.

కన్యత్వ పరీక్షలు, రెండు వేళ్ళ పరీక్ష (ఆమెకు లైంగిక సంబంధాలు అలవాటేనా అని యోనిలో వేళ్ళు పెట్టి చూడటం) ఎవరు అడిగినా చేయకండి. వాటికి వైద్యపరమైన విలువ ఏమీ లేదు. బంగ్లాదేశ్ హైకోర్టు 2018లో రెండు వేళ్ళ పరీక్షను నిషేధించింది. మన సుప్రీంకోర్టు 2013లో తప్పుపట్టి, 2022 అక్టోబరు 31న మళ్ళీ గట్టిగా హెచ్చరించింది. ఆధారాల నమూనాలు కూడా వాటిని పరీక్షించగల ప్రయోగశాల మీరు పనిచేసే దేశంలో అందుబాటులో ఉంటేనే, ఆమె ఒప్పుకుంటేనే తీయాలి. ఊరికే తీసి డబ్బాలో పెట్టడం ఆమెను రెండోసారి బాధపెట్టడమే.

2021 మార్చి 22న బలుఖాలీ శిబిరాల్లో మంటలు రేగాయి. దాదాపు 45,000 మంది నిలువ నీడ కోల్పోయారు, వైద్య కేంద్రాలు కూడా బూడిదయ్యాయి. అలాంటి రోజుల్లో ఈ పెట్టె విలువ పూర్తిగా తెలుస్తుంది. ఆరుబయట ఒక టార్పాలిన్ కింద కూర్చుని చికిత్స మొదలుపెట్టవచ్చు. అదే పెట్టెను ఏళ్ళ తరబడి తెప్పించుకుంటూ ఉండటం మాత్రం తప్పు. కొన్ని మందులు అయిపోతాయి, కొన్ని గడువు తీరి పారేయాల్సి వస్తుంది. సంక్షోభం కుదుటపడగానే ఏ మందు ఎంత ఖర్చవుతుందో చూసి విడివిడిగా ఆర్డరు ఇవ్వాలని ఈ పెట్టెల పద్ధతిలోనే ఉంది. 2025లో అమెరికా జనాభా నిధికి డబ్బు ఆపేసింది. సరఫరా ఎప్పుడైనా తగ్గవచ్చు కాబట్టి ఈ లెక్క ఇంకా ముఖ్యం.

మన దగ్గర పనిచేసేవాళ్ళకు రెండు మాటలు. తుఫాను పునరావాస కేంద్రానికి డ్యూటీ పడిన శ్రీకాకుళం డాక్టరుకైనా, బాలాపూర్ రోహింగ్యా బస్తీకి దగ్గర్లో పనిచేసే హైదరాబాద్ నర్సుకైనా ఈ పెట్టె తెప్పించుకోవాల్సిన అవసరం లేదు. ఇందులోని మందులన్నీ మన దగ్గర దొరుకుతాయి. ప్రభుత్వాసుపత్రి అయినా ప్రైవేటు అయినా బాధితురాలికి వెంటనే ఉచితంగా చికిత్స చేయాలని చట్టం చెబుతోంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 357-సి, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 397వ సెక్షన్. పోలీసులకు సమాచారం ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. కానీ చికిత్స కోసం పోలీసులు వచ్చేదాకా ఆగాలని ఎక్కడా లేదు. అవే మందులను ఒక చిన్న డబ్బాలో సర్ది డ్యూటీ గదిలో ఉంచుకోవడానికి ఒక్క పూట చాలు.

ఆర్డరు రాసేవాళ్ళు మూడుతో పాటు ఎనిమిది, తొమ్మిది కలిపి రాయండి. టీకాల ఏర్పాటు, 28 రోజుల మందు కట్టడానికి చిన్న కవర్లు, బిస్కెట్లు, కాటా మీ సొంత బడ్జెట్‌లో చూసుకోండి. పెట్టె వచ్చిన రోజే తెరిచి ఒక్కో మందు గడువు తేదీని మూత మీద మార్కరుతో పెద్దగా రాయండి. అలమారా తాళం స్టోరు మేనేజరు దగ్గర ఉంటే రాత్రి వచ్చిన మనిషి తెల్లవారేదాకా ఎదురుచూడాలి. ఒక తాళంచెవి రాత్రి డ్యూటీ మిడ్‌వైఫ్‌కు ఇవ్వండి.